కోత గీతకు అవతల

"ఈరోజు ఆయన్ని కోత మిషను మీంచి దించేస్తారు. చూస్తూ ఉండండి, దించేసి పార్సిళ్లు కట్టే గదిలో కూర్చోబెడతారు."

అన్నం డబ్బా మూత బిగిస్తూ పైకే అనేశాను. ఇంట్లో ఉన్నది ముగ్గురం. నా మాట మిగతా ఇద్దరికీ వినిపించింది.

మా ఆయన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నారు. పిట్ట కిటికీ పక్కన లాప్‌టాప్ ముందేసుకుని, మా ఇద్దరికీ వీపు చూపించి కూర్చుంది.

పిట్ట అంటే మా అమ్మాయి. పుట్టినప్పుడు దాని ఏడుపు కూడా కీచుమని పిట్ట అరిచినట్టే ఉండేదని ఆయన పెట్టిన ముద్దుపేరు. యూనివర్సిటీలో రెండో ఏడాదికొచ్చినా ఇంట్లో అదే పిలుపు. ఈ నాలుగు రోజులుగా కొంపలో నిప్పులు పోసింది కూడా ఆ పేరే.

"నాన్నా, నాలుగింటికి మా నాటక సంఘం సెక్రటరీ ప్రెస్సుకి వస్తుంది," అంది పిట్ట వెనక్కి తిరగకుండానే. "మీ ఓనరు నిన్ను పిలుస్తాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. పొరపాటున తెగిందంటే పొరపాటనే రాసుకుంటాం."

ఆయన నా వైపు చెయ్యి చాపారు.

"డబ్బా," అన్నారు.

నాలుగు రోజుల్లో ఆ నోట్లోంచి ఊడిపడిన నాలుగో మాటో, ఐదో మాటో అది. డబ్బా అందుకుని మెట్లు దిగిపోయారు. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. భుజం ఒకవైపు వంగినట్టు అనిపించింది. గుండెనొప్పి మొదట భుజానికే వస్తుందంటారు.

"అమ్మా, నాన్న డబ్బా ఆ చేత్తో పట్టుకున్నాడు కాబట్టి అటు వంగాడు," అంది పిట్ట నా మొహం చూసి. "నువ్వు పేపర్లో రాకముందే ప్రమాదాలు చదివేస్తావు."

"నీకేం, అంటావు. పాతికేళ్లుగా ఆ కత్తి కింద కాగితం పెడుతున్న మనిషి. ఒక్కరోజైనా ఒక్కరి చేత మాట పడలేదు. ఇప్పుడు కన్నకూతురు ఉత్తరం రాయించింది, ఈయనకి కోయడం రాదని."

"నేను రాయించలేదు. సంఘం రాసింది."

"సంఘానికి చెప్పిందెవరు?"

పిట్ట లాప్‌టాప్ టప్పున మూసింది.

"నా పేరు కోసేశాడమ్మా! మూడు వందల పోస్టర్లు. ఒక్కదాని మీద కూడా నా పేరు లేదు. యూనివర్సిటీ పుస్తకాలు అచ్చువేసే విభాగం మేడం లైబ్రరీ గోడ దగ్గర ఆగి, ఇదెవరు చేశారని అడిగిందట. కింద చూస్తే ఏముంది? ఖాళీ. పక్కనున్నవాడు 'మా సంఘం వాళ్లందరం కలిసి చేశాం మేడం' అన్నాడట. అందరూ కలిసి! ఒక్కడు కత్తెర అందించాడా?"

కత్తెర నేనందించాను. ఆ మాట అనబోయి మింగేశాను.

* * *

ఆ పోస్టరు మా ముందుగది గచ్చు మీద పుట్టింది. నాకు అక్షరం అక్షరం గుర్తు.

యూనివర్సిటీ నాటక సంఘం వాళ్లు 'తిరిగిరాని గొడుగు' అని ఒక నాటకం వేస్తున్నారు. పోస్టరు చెయ్యమని పిట్టను అడిగారు. నాలుగు రోజులు అది కంప్యూటరు ముందు తల పట్టుకుంది. ఐదో రోజు, ఆయన ప్రెస్సు నుంచి తెచ్చే కోత కాగితాల సంచీ గచ్చు మీద బోర్లించింది. పెద్ద కాగితాల అంచులు కోసినప్పుడు రాలే సన్నటి చారలవి. సామాన్ల చీటీలు రాసుకోవడానికి ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి.

ఆ చారలన్నీ ఏటవాలుగా పేర్చి వాన కురిపించింది. మధ్యలో నా నల్లగొడుగు తలకిందులుగా పెట్టింది. నన్ను దీపం పట్టుకుని నిలబడమని, తను కుర్చీ మీదికెక్కి ఫొటో తీసింది. "అమ్మా, చెయ్యి వణికించకు, వాన చెదురుతోంది," అంటూ గంటన్నర నిలబెట్టింది. కుర్చీ ఒరిగితే దీని నడుమేం గాను అని వణికానే గాని, చెయ్యి బరువెక్కి కాదు.

తర్వాత దాన్ని కంప్యూటర్లో పెట్టి మబ్బురంగు పులిమింది, అక్షరాలు రాసింది. అడుగున ఎర్రటి సన్నక్షరాల్లో 'బొమ్మ, రాత: పిట్ట' అని పెట్టుకుంది.

ఆయన ప్రెస్సులోనే అచ్చయ్యి గోడలకెక్కిన రోజు నేను ఎవరికీ చెప్పకుండా యూనివర్సిటీకి వెళ్లాను. ఎనిమిదో తరగతితో ఆపేసిన దాన్ని, అంత పెద్ద గేటు దాటడమంటే కాళ్లు ఒక పట్టాన కదల్లేదు. కాపలా అతను ఎవరు కావాలంటాడేమో, ఏం చెప్పాలో అని దారంతా జవాబులు వల్లించుకున్నాను. అతను నా వైపైనా చూడలేదు.

లైబ్రరీ గోడ మీద వరుసగా ఆరు. దూరం నుంచి చూస్తే నిజంగానే వాన పడుతున్నట్టుంది. పుస్తకాలు చంకలో పెట్టుకున్న ఇద్దరమ్మాయిలు ఆగారు.

"ఈ వాన దేంతో చేశారే?"

"కాగితమే. దగ్గరికొచ్చి చూడు. అబ్బ, ఎవరి బుర్రో గాని!"

నా వెన్నెముక దానంతటదే నిటారుగా అయింది. 'బుర్ర మా అమ్మాయిదమ్మా, గొడుగు నాది' అందామని నోటిదాకా వచ్చింది. అప్పుడే అడుగున చూశాను. ఎర్రక్షరాలు లేవు.

పైన ఆనందం, లోపల గుబులు. ఎందుకంటే ఆ పేరు అక్కడ లేకుండా ఉంటే బాగుండునని ఆయనతో అన్నది నేనే.

అచ్చుకి ఇవ్వడానికి ముందు, టీ గ్లాసు అందిస్తూ అన్నాను. "ఆడపిల్ల పేరు అన్ని గోడల మీదా ఎందుకండీ? ఎవడు చూస్తాడో, ఎవడు ఏమంటాడో. ఆ ముక్క లేకపోతే ఏం పోయింది?" అని. ఆయన టీ తాగారు, గ్లాసు కడిగి బోర్లించారు.

నా మాట పట్టుకునే కోసేశారా? రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఆయన నా వైపు అదోలా చూసి, పేపరు తిప్పారు.

* * *

పిట్ట క్లాసుకి వెళ్లిపోయాక, మధ్యాహ్నం బైండింగ్ వదిన వచ్చింది. ఆయన ప్రెస్సులోనే పుస్తకాలు కుట్టే మనిషి. చుట్టరికం లేకపోయినా ఆయన్ని అన్నయ్యా అంటుంది, కనక నాకు వదిన. చేతులకెప్పుడూ ఎండిన జిగురు అంటుకుని ఉంటుంది. భోజనం వేళ రెండు వీధులు నడిచొచ్చిందంటే ఏదో జరిగే ఉంటుంది.

"దించేశారా వదినా?"

"ఎవరిని? ఎక్కడి నుంచి?"

"మిషను మీంచి."

"ఇంకా లేదులే. ఓనరు కాగితం టైపు చేయించి పెట్టాడు. తప్పు నాదేనని అన్నయ్య సంతకం పెడితే, కొన్నాళ్లు పార్సిళ్ల దగ్గర ఉంచుతాడట. పొద్దుటి నుంచి మనిషి మిషను తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు." మంచినీళ్లు గడగడా తాగి కూర్చుంది. "ఏం వదినా, ఆ షీటు మీకు చూపించలేదా?"

"ఏ షీటు?"

"నాశనం! చూపించలేదన్నమాట." వదిన కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఆరోజు అచ్చయిన కాగితాలు మిషను బల్ల మీద పేర్చాడు. అందర్నీ పిలిచాడు. 'మా పిట్ట చేసింది, చూడండి' అని. మేమంతా చేతులు తుడుచుకుని మరీ చూశాం. ఆ తర్వాత కటింగ్ మాస్టరుగా అన్నయ్య కత్తి దించాలి కదా? దించడు! రెండు చేతులూ రెండు మీటల మీద పెట్టి అలాగే నిలబడ్డాడు. పది నిమిషాలు! ఏమైంది అన్నయ్యా అంటే పలకడు. ఫోన్ చెయ్యనా అమ్మాయికి అంటే, 'పరీక్ష హాల్లో ఉంది' అన్నాడు. అవతల సంఘం వాళ్లు ఆటో వేసుకుని వచ్చి కూర్చున్నారు, తొందర పెడుతున్నారు. ఆఖరికి పైనుంచి ఒక్క షీటు తీసి చుట్టి పక్కన పెట్టాడు. అప్పుడు దించాడు కత్తి."

"ఎందుకు ఆగారు?"

"ఆ షీటులోనే ఉంటుంది ఎందుకో. ఇంటికి పట్టుకెళ్లాడు, నా కళ్లతో చూశాను."

వదిన వెళ్లగానే ఇల్లంతా తిరగేశాను. బీరువా వెనకాల, మంచం కింద, ఆయన పాత చొక్కాల పెట్టెలో. ఎక్కడా లేదు. ఆఖరికి తలుపు వెనక మేకు మీద కళ్లు పడ్డాయి.

నా నల్లగొడుగు.

ఈ గొడవ మొదలైన దగ్గర్నుంచి ఆ గొడుగు అచ్చిరాలేదని నేను దాన్ని ముట్టుకోవడం మానేశాను. రెండు జల్లుల్లో తడిశాను గాని తీయలేదు. ఈ ఇంట్లో ఏదైనా దాచాలంటే అంతకన్నా భద్రమైన చోటు లేదు. కట్టుకున్నవాడికి నా భయాలన్నీ కంఠతా వచ్చు!

మడతల మధ్య చెయ్యి పెట్టాను. గట్టిగా చుట్టిన కాగితం చేతికి తగిలింది.

* * *

పిట్ట వచ్చేసరికి షీటు గచ్చు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి ఉంచాను.

"ఏంటిది?"

"నువ్వే చూడు. నాకు చదువు తక్కువ."

చదువు తక్కువైనా, ఆ కాగితం ముందు గంటసేపు కూర్చున్నాక నాకు తెలిసింది. పోస్టరు చుట్టూ తెల్లకాగితం మిగిలి ఉంది. నాలుగు మూలలా సూదిమొనంత సన్నటి నల్లగీతలున్నాయి. మబ్బురంగు ఆ గీతల్ని కాస్త దాటి, వేలెడు పోయి ఆగింది. ఆ రంగు కూడా దాటాక, ఉత్త తెల్లకాగితం మీద, ఎర్రటి సన్నక్షరాలు. బొమ్మ, రాత: పిట్ట.

గోడకు అంటించకుండా మిగిలిన పోస్టరు ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని తెచ్చి షీటు మీద పరిచాను. నాలుగు మూలలూ నల్లగీతల దగ్గర పొల్లు పోకుండా కలిశాయి. వెంట్రుకంత తేడా లేదు. పేరు మాత్రం పోస్టరు కింద నుంచి బయటికి తొంగిచూస్తోంది.

పిట్ట మోకాళ్ల మీద కూర్చుంది. పోస్టరు ఎత్తి చూసింది, మళ్లీ పరిచింది. మళ్లీ ఎత్తింది.

"ఈ గీతలెవరు గీశారు?" అన్నాను.

"కటింగ్ మార్కులమ్మా. ఇక్కడిదాకా కొయ్యమని. నేనే పెట్టాను." గొంతు నిజంగా పిట్టదిలా అయిపోయింది. "చివర్లో సెక్రటరీ, నాటకం ఏ వేళకో పెట్టలేదు, ఇంకో లైను కావాలంది. క్యాంటీన్లో తన లాప్‌టాప్ మీదే కూర్చుని చోటు కోసం నా పేరు కిందికి జరిపాను. పరీక్షకి టైమైపోతోందని... ఎంత జరిపానో చూసుకోలేదు."

"అంటే మీ నాన్న..."

"గీసిన చోటే కోశాడు."

సగం బరువు దిగింది. మిగతా సగం నాది. దాన్ని కూడా దించేసుకోవాలనిపించింది.

"నేను కూడా ఒక మాటన్నానే. నీ పేరు గోడల మీద వద్దని. అందరూ చూస్తారని భయమేసి ఆయనతో అన్నాను. దానికే కోశారేమోనని నాలుగు రోజులుగా నాలో నేనే చస్తున్నాను."

అది అరుస్తుందనుకున్నాను. తల పట్టుకుంటుందనుకున్నాను. ఇల్లు వదిలి హాస్టలుకి పోతానంటుందని కూడా అనుకున్నాను, నేను అనుకోనిదేముంది! అదేమీ చెయ్యలేదు. గ్లాసులు ఒక్కొక్కటే తీసింది. షీటు జాగ్రత్తగా చుట్టింది.

"టైమెంతయింది?"

"నాలుక్కి ఇరవై తక్కువ."

"పద," అంది. "గొడుగు కూడా తీసుకో. మబ్బేసింది."

* * *

ప్రెస్సులో అడుగుపెట్టగానే సిరా వాసన, దాని వెనకే జిగురు వాసన. ఓనరు గదికి అద్దం తలుపు. లోపల ఆయన నిలబడి ఉన్నారు. సంఘం సెక్రటరీ, పెద్ద కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి, కుర్చీ అంచున కూర్చుంది. అద్దం ఇవతల బైండింగ్ వదిన కుట్టిన పుస్తకమే మళ్లీ కుడుతోంది.

"మాస్టరు గారూ, నాకూ ఇష్టం లేదు ఇదంతా," అంటున్నాడు ఓనరు. "యూనివర్సిటీ పని. ఉత్తరమొచ్చాక నేను జవాబివ్వాలి. మీరు నోరు విప్పరు. ఆఖరిసారి అడుగుతున్నా, తప్పు ఎక్కడ జరిగింది?"

ఆయన టైపు చేసిన కాగితం తన వైపు తిప్పుకున్నారు.

"నా చేతి మీదే తెగింది," అన్నారు. "పెన్ను ఇవ్వండి."

పాతికేళ్లు ఎవరి చేతా మాట పడని మనిషి! పిట్ట తలుపు తోసింది.

"ఆగు నాన్నా."

షీటు బల్ల మీద విప్పింది. ఒక మూల ఓనరు టేపుడబ్బా పెట్టింది, ఇంకో మూల తన చెయ్యి. చుట్టుకుపోతున్న మిగతా మూలలు నేను పట్టుకున్నాను. దీపం పట్టుకున్నట్టే, వణక్కుండా.

"మార్కులు ఇవి. పేరు ఇక్కడుంది. మార్కులు పెట్టింది నేను, పేరు బయటికి జరిపింది నేను. ప్రెస్సు తప్పు లేదు."

కళ్లజోడమ్మాయి లేచి నిలబడింది.

"నిన్న కూడా ప్రెస్సుదే తప్పన్నావు కదే! నీ మాట మీదే కదా ఉత్తరం రాశాం!"

"అన్నాను. ఫైలు తెరిచి చూసుకోకుండానే అన్నాను."

"సంఘంలో ఇప్పుడేం చెప్పమంటావు?"

"పిట్టకి గీత గీయడం రాలేదని చెప్పు," అంది మా అమ్మాయి. "వాళ్ల నాన్నకి కోయడం వచ్చని కూడా చెప్పు."

అద్దం ఇవతల వదిన సూది ఆగిపోయింది. ఇంతమంది మధ్య తలెత్తుకుని తన తప్పు ఒప్పుకున్న ఆ పిల్లని, చేయని తప్పుకి పెన్నడిగిన ఆ మనిషిని, ఎవర్ని చూసి ముందు పొంగిపోవాలో నాకు తెలియలేదు.

ఓనరు సంతకం లేని కాగితం ఎత్తి పట్టుకున్నాడు. చింపలేదు, సొరుగులోనూ పెట్టలేదు.

"అదంతా సరే. మాస్టరు గారూ, మార్కులు మీకు అప్పుడే కనిపించాయి కదా? ఈ నాలుగు రోజులూ నాకు ఒక్క మాట చెబితే పోయేదిగా?"

ఆయన చూపు షీటు మీదే ఉంది.

పిట్ట తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. చిన్నప్పుడు ఎత్తుకోమని అడగడానికి అలాగే నిలబడేది. ఇప్పుడు ఆయన భుజం దాకా వచ్చేసింది.

"నాకు కూడా ఎందుకు చెప్పలేదు నాన్నా? నిన్ను అన్ని మాటలన్నాను. నా పేరు నీకు కనిపించిందా, లేదా? కనిపించీ కోశావంటే..." ఒక్కసారి నా వైపు చూసి మళ్లీ ఆయన వైపు తిరిగింది. "అమ్మ వద్దందనా?"

నేను కాగితం మూలలు వదల్లేదు. వదిలితే చుట్టుకుపోతుందని కాదు. వదిలితే నేను పడతానని.

ఆయన బల్ల మీదికి వంగారు. ఎర్రక్షరాల మీద బొటనవేలు పెట్టి, నల్లగీత దాకా జరిపి, మళ్లీ వెనక్కి తెచ్చారు. లోపలెక్కడో అచ్చుమిషను ఆగింది. ఓనరు దగ్గబోయి మానుకున్నాడు. కిటికీ అద్దం మీద మొదటి చినుకు పడి జారింది.

"మీ అమ్మ ఎన్ని అనదు," అన్నారు ఆయన.

గొంతు నాలుగు రోజులుగా వాడక బొంగురుపోయింది. సవరించుకున్నారు.

"గీత దాటి కోస్తే నీ పేరు మిగిలేది. కింద తెల్లచార కూడా మిగిలేది. నీ వాన నేల మీద పడకముందే ఆగిపోయేది. అంత మంచి పనిని నా చేత్తో చెడగొట్టలేకపోయాను. తప్పు నీదని తెలిస్తే నువ్వు మళ్లీ బొమ్మ ముట్టుకోవేమోనని చెప్పలేకపోయాను."

అక్షరాల మీంచి వేలు తీసి, మొదటిసారి దాని మొహంలోకి చూశారు.

"కనిపించింది పిట్టా. రెండుసార్లు చదువుకున్నాకే కత్తి దించాను."